గ్యాసా, ఇనర్షియానా? బాతులకూ ఫెజంట్లకూ ఒకే షాట్‌గన్ కొనేవారికి

ఏటా ఆగస్టు వచ్చేసరికి హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు వేట మిత్రులు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతుంటారు. సెప్టెంబరులో గువ్వలకు, అక్టోబరు చివర సౌత్ డకోటాలో ఫెజంట్లకు (గడ్డిలో దాగి ఉండే, కోడి జాతికి చెందిన అడవి పక్షులు), ఆ తరువాత చలికాలమంతా ఈగిల్ లేక్, ఎల్ కాంపో వైపు వరి మడుల్లో బాతులకు పనికివచ్చేలా ఒకే సెమీ ఆటోమేటిక్ (మీట నొక్కినప్పుడల్లా ఒకటి పేల్చి, తరువాతి తూటాను తనే ఎక్కించుకునే) షాట్‌గన్ కొనాలంటే, గ్యాస్‌తో నడిచేది మేలా, ఇనర్షియాతో నడిచేది మేలా అని. నాలుగు సీజన్లు మోసిన ఇనర్షియా తుపాకీని ఈ వేసవిలో అమ్మేసి గ్యాస్ తుపాకీ కొన్నాను కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే జవాబును ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. నేను ఎటు మొగ్గానో ముందే తెలిసిపోయింది కనుక, రెండో పక్షానికి అన్యాయం జరగకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా నాదే.

రెండింటి పనితీరు చదివేవారికి తెలిసే ఉంటుంది కనుక క్లుప్తంగా చెబుతాను. గ్యాస్ తుపాకీలో గొట్టానికి ఉన్న సన్నని రంధ్రాల గుండా పేలుడు వాయువు కొంత కిందికి దిగి పిస్టన్‌ను నెడుతుంది, ఆ పిస్టన్ బోల్టును (తూటా వెనుక గొట్టాన్ని మూసి ఉంచే ఉక్కు దిమ్మను) వెనక్కి తోస్తుంది, ఎక్కువైన వాయువును కవాటం బయటికి వదిలేస్తుంది. ఇనర్షియా తుపాకీలో పిస్టన్ ఉండదు. తుపాకీ మొత్తం వెనక్కి కదిలినప్పుడు బరువైన బోల్టు మాత్రం ఒక్క క్షణం ఉన్నచోటే నిలిచిపోతుంది, దానికీ బోల్టు తలకూ మధ్యనున్న బిరుసైన స్ప్రింగు నలిగి, మళ్ళీ విచ్చుకుంటూ బోల్టును తెరుస్తుంది. ఇటలీలోని ఉర్బినోలో బెనెల్లి సంస్థ ప్రసిద్ధం చేసిన ఈ పద్ధతిలో మసి అంతా గొట్టంలోనే ఉండిపోతుంది కాబట్టి లోపలి భాగాలు ఆశ్చర్యం కలిగించేంత శుభ్రంగా ఉంటాయి. ఇనర్షియాను మెచ్చుకునేవారు మొట్టమొదట చెప్పేది ఈ మాటే, అది నిజం కూడా.

నా మటుకు తేల్చవలసిన అంశం శుభ్రత కాదు, తుపాకీ భుజాన్ని తన్నే తన్ను. దీని మూలం 1991లో ఉంది. మడుగుల అడుగున పడిన సీసపు గుళ్ళను బాతులు మింగి విషం ఎక్కి చనిపోతున్నాయని ఆ ఏడాది నుంచి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసాన్ని నిషేధించారు, దానితో ఉక్కు గుళ్ళు వాడుకలోకి వచ్చాయి. సీసం కన్నా ఉక్కు తేలిక కనుక, అదే పరిమాణంలో ఉన్న గుండు గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. ఆ లోటు పూడ్చడానికి తయారీదారులు గుళ్ళను పెద్దవి చేసి, సెకనుకు 1,400, 1,500 అడుగుల వేగంతో వదలడం మొదలుపెట్టారు. ఒకటింబావు ఔన్సు ఉక్కు గుళ్ళను 1,450 అడుగుల వేగంతో పంపే 3 అంగుళాల పొడవున్న 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం) తూటాకూ, గువ్వలకు వాడే ఒక ఔన్సు తేలికపాటి తూటాకూ, ఒకే తుపాకీలో తన్ను శక్తిని లెక్కకట్టి చూస్తే తేడా రెండు రెట్లకు పైగానే ఉంటుంది. బాతుల వేటగాడి భుజానికి దుకాణంలో తెలియని సంగతి ఇది.

చిన్నప్పటి నుంచి తండ్రి వెంట వేటకు వెళ్ళిన టెక్సస్ పిల్లవాడికి ఇది లెక్కలోకి రాకపోవచ్చు. ముప్పై అయిదేళ్ళు దాటాక మొదటిసారి తుపాకీ పట్టినవాళ్ళం మనం, మనకు జంకు చాలా తొందరగా పట్టుకుంటుంది. మూడో సీజను తరువాత నా గురి ఎందుకు పాడవుతోందో అర్థం కాక ఒక శిక్షకుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక్కో తూటాను తనే నా తుపాకీలో పెట్టి అందిస్తూ, మధ్యలో ఒకసారి నాకు తెలియకుండా ఉత్తుత్తి తూటా పెట్టాడు. సాధన కోసం గాల్లోకి విసిరే మట్టి పళ్ళెం లేచింది, గురి కలిసింది, మీట నొక్కాను. చప్పుడు లేదు, కానీ పేలని తుపాకీ గొట్టం కొస గభాలున కిందికి వంగింది, నా కుడి భుజం ముందుకు పొడుచుకువచ్చింది, కళ్ళు రెండూ మూసుకున్నాయి. ఎవరో కొడతారని చెంప పక్కకు తిప్పుకునే పిల్లవాడిలా ఉన్నానని ఆయన నవ్వాడు. గొట్టం కొస ఒక్క అంగుళం వంగితే 30 గజాల దూరంలో గుళ్ళ గుంపు సుమారు రెండడుగులు కిందికి పోతుంది. ఆ సీజనులో నేను గొట్టం మీదా చోకుల (గుళ్ళు ఎంత చెదరాలో నిర్ణయించే గొట్టం కొస బిగింపుల) మీదా మోపిన నేరాలన్నీ ఆ ఒక్క అంగుళానివే.

గ్యాస్ పద్ధతి తన్నును మాయం చేయదు. ముందుకు పోయిన గుళ్ళ వేగానికి తగిన లెక్క వెనక్కి రావలసిందే, భౌతికశాస్త్రం ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. అయితే అదే తన్నును అది కొంచెం ఎక్కువసేపటికి పరిచి ఇస్తుంది కనుక, గుద్దులా తగలవలసింది నెట్టినట్టుగా తగులుతుంది. దీనికి తోడు గ్యాస్ తుపాకీలు మామూలుగా అర పౌను నుంచి పౌను దాకా బరువెక్కువ. ఆ బరువు కూడా తన్నును తగ్గిస్తుంది. 7 పౌన్ల తుపాకీ బదులు 7.8 పౌన్లది పట్టుకుంటే అదే తూటాకు తన్ను శక్తి దాదాపు పదో వంతు తగ్గుతుంది. ఇనర్షియా తయారీదారులకు ఇది తెలియక కాదు. బెనెల్లి వారు ఎం2, సూపర్ బ్లాక్ ఈగిల్ తుపాకుల మడమలో (భుజానికి ఆనించే వెనుక భాగంలో) పక్కలకు విచ్చుకునే గాట్లు, మెత్తని మెత్త పెట్టింది అందుకే. అవి పనిచేస్తాయి, కానీ 25 తూటాల పెట్టె ఖాళీ అయ్యేసరికి నా భుజానికి తేడా తెలుస్తూనే ఉంది.

ఇక ఫెజంట్ల దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. సౌత్ డకోటాలో రోజుకు మనిషికి మూడు పుంజులే పరిమితి. వాటికోసం మోకాలి లోతు గడ్డిలో ఏడెనిమిది మైళ్ళు నడుస్తాం, పొద్దుగూకేలోపు నాలుగైదు తూటాలకు మించి పేల్చం. అక్కడ ఆరున్నర పౌన్ల ఇనర్షియా తుపాకీ చేతిలో ఉన్నవాడు మధ్యాహ్నం కూడా చలాకీగా భుజానికెత్తుతాడు, గ్యాస్ తుపాకీ మోసినవాడు దాన్ని గడ్డపారలా భుజాన వేసుకుంటాడు, సరిగ్గా అప్పుడే పుంజు లేస్తుంది. పైగా గ్యాస్ తుపాకీ ముందుపిడిలో పిస్టన్, సిలిండరు ఇమడాలి కాబట్టి అది లావుగా ఉంటుంది, బరువు ముందుకు తూగుతుంది. ఇనర్షియా తుపాకీ ముందుపిడి సన్నగా ఉండి, బరువు రెండు చేతుల నడుమ నిలుస్తుంది. ఈ ఒక్క విషయంలో నా పాత తుపాకీ గుర్తుకొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అందుకని అడిగినవాళ్ళకు నేనొక లెక్క వేయమంటాను. సీజను మొత్తంలో మీరు ఎన్ని అడుగులు నడుస్తారు, ఎన్ని తూటాలు పేలుస్తారు? నా సంగతి తీసుకుంటే డకోటా ప్రయాణం ఏడాదికి ఒకసారి, నాలుగు రోజులు. గువ్వల వేటలో ఒక్క సాయంత్రమే రెండు పెట్టెలు ఖాళీ అవుతాయి, బాతులకు వెళ్ళిన ప్రతి ఉదయం పదిహేను, ఇరవై తూటాలు పోతాయి, మట్టి పళ్ళేల సాధన దీనికి అదనం. నా తూటాలు నా అడుగులను మింగేశాయి కనుక నేను గ్యాస్ వైపు వచ్చాను. కాన్సస్‌లోనో డకోటాలోనో ఉండి, వారం వారం గడ్డి మైదానాల్లో నడిచేవారు ఇదే లెక్కతో ఇనర్షియా కొనాలి, వారికి నేను వేరే మాట చెప్పను.

మొరాయించే విషయంలో రెండింటికీ వాటి వాటి జబ్బులున్నాయి. తిరిగే బోల్టు తల ఉన్న ఇనర్షియా తుపాకుల్లో బోల్టు పూర్తి వేగంతో మూసుకోకపోతే తల చివరిదాకా తిరిగి తాళం పడదు, మీట నొక్కితే టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ రాదు. రెండేళ్ళ కిందట వరి మడిలో తెల్లవారుజామున నా పక్కన కూర్చున్న మిత్రుడు, దగ్గరలో బాతులు వాలి ఉన్నాయని, చప్పుడు కాకుండా బోల్టును చేత్తో పట్టుకుని మెల్లగా వదిలాడు. వేట మొదలుపెట్టే వేళ కాగానే సూదితోక బాతులు నాలుగు తలకు పాతిక గజాల ఎత్తున వచ్చాయి, అతని తుపాకీ టక్కుమంది. బోల్టు పిడిని వేళ్ళతో ముందుకు ఒక్క తోపు తోసి ఉంటే సరిపోయేది. (కొల్లేటికి చలికాలంలో వచ్చేదీ ఇదే జాతి బాతు. అక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద దాన్ని దూరదర్శినితో చూడడమే, ఇక్కడ 25 డాలర్ల డక్ స్టాంపు (నీటిపక్షుల వేటకు కొనవలసిన ఫెడరల్ స్టాంపు) మీద సంతకం పెట్టినవాడు పరిమితికి లోబడి కొట్టవచ్చు.) కొత్త మోడళ్ళలో ఈ జబ్బుకు మందు వేశారు, అయినా బోల్టును విసురుగా వదిలే అలవాటే మంచిది. మరో జబ్బు తేలిక తూటాలది. కొత్త ఇనర్షియా తుపాకీ కొన్ని పెట్టెల బరువైన తూటాలు కాల్చి సాఫీ అయ్యేదాకా, ఒక ఔన్సు గువ్వల తూటాతో ఖాళీ తొడుగును సరిగా బయటికి తోయకపోవచ్చు.

గ్యాస్ తుపాకీ జబ్బు మసి. పిస్టన్ మీద నల్లటి పెచ్చు కడుతుంది, దాని మీద మనం అభిమానంతో పోసిన నూనె చలికి జిగురులా గట్టిపడుతుంది, బోల్టు బద్ధకిస్తుంది. ముందుపిడి మూత విప్పి, గొట్టం లాగి, పిస్టన్‌ను గుడ్డతో తుడిచి, నూనెను తడి కనిపించని పాటిగా పూస్తే పావుగంట పని, రెండు మూడు వేటలకు ఒకసారి చేస్తే చాలు. వరి మడి బురదా, తీరప్రాంతపు ఉప్పునీరూ తగిలాక ఏ తుపాకీనైనా ఆ రాత్రే విప్పక తప్పదు కాబట్టి, ‘ఇనర్షియాకు శుభ్రం చేసే పని లేదు’ అన్న మాట గల్ఫ్ తీరంలో అంతగా చెల్లదు. ముఖ్యంగా కొన్ని తుపాకుల్లో బోల్టును ముందుకు తెచ్చే స్ప్రింగు మడమ లోపలి గొట్టంలో ఉంటుంది, అక్కడికి దిగిన నీరు కనిపించకుండా తుప్పు పట్టిస్తుంది. కొనేముందు అది ఎక్కడుందో అడగండి.

పేర్ల దగ్గరికి వస్తే, నేను తీసుకున్నది బెరెట్టా ఏ300 అల్టిమా, 12 గేజ్, 28 అంగుళాల గొట్టం, 3 అంగుళాల తూటా దాకా పట్టేది. ధర సుమారు వెయ్యి డాలర్లు. దాదాపు దానికి రెట్టింపు ధర పలికే ఏ400 ఎక్స్‌ట్రీమ్ ప్లస్ మడమలో తన్నును పీల్చే డ్యాంపర్లు ఉన్నాయి, మూడున్నర అంగుళాల తూటా కూడా పడుతుంది. పెద్దబాతుల మీదే ధ్యాస ఉన్నవారికి తప్ప ఆ అర అంగుళం అవసరమని నేను అనుకోను. అంత తన్ను తిని సాధించేది తక్కువ. ఇనర్షియాలో ఎం2 నడిచేవారికి నా మొదటి ఎంపిక, అంత పెట్టలేనివారికి ఫ్రాంకి అఫినిటీ. వించెస్టర్ ఎస్‌ఎక్స్4, మాస్‌బర్గ్ 940 ప్రో గ్యాస్ వైపు మంచివే, ఇనర్షియా వైపు స్టోగర్ ఎం3000 చౌక. ఇందులో వినోదం ఏమిటంటే బెనెల్లి, ఫ్రాంకి, స్టోగర్ మూడూ బెరెట్టా కుటుంబం చేతిలోనివే. ఈ తగాదాలో ఎవరు గెలిచినా చాలావరకు డబ్బు ఒకే ఇంటికి చేరుతుంది.

20 గేజ్ గురించి కూడా అడుగుతున్నారు. గువ్వలకూ పూరేడులకూ చక్కనిది, తన్ను తగ్గుతుందని మాత్రం కొనవద్దు, ఎందుకంటే ఆరు పౌన్ల లోపు బరువుండే దానిలో 3 అంగుళాల ఉక్కు తూటా పెడితే భుజానికి పెద్దగా దక్కే ఊరట లేదు. పంపు తుపాకీ, జంట గొట్టాల తుపాకీ ఈ చర్చకు బయటివి. వలస పక్షుల వేటలో ఎటూ ఒకసారికి తుపాకీలో మూడు తూటాలే పరిమితి కనుక ఎన్ని పడతాయన్న ప్రశ్న కూడా అనవసరం. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు మాత్రం, ఫెడరల్ చట్టంలో వారికున్న నిషేధానికి మినహాయింపు చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ద్వారా వస్తుంది కాబట్టి, దుకాణానికి వెళ్ళేముందు అది చేతిలో ఉంచుకోవాలి.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. దుకాణంలో టీషర్టు మీద భుజానికెత్తి చూస్తే అన్ని తుపాకులూ బాగానే ఉంటాయి. మీ చలి కోటు తీసుకెళ్ళి, వేసుకుని ఎత్తండి. మనలో చాలామంది ఎత్తుకు అమెరికా మడమలు పొడుగు, కోటు చంకలో మడమ తట్టుకుంటే మడమ చివరి పలకలు తీయించి పొట్టి చేయించుకోవాలి, వంపు సరిచేసే బిళ్ళలు ఈ తుపాకుల్లో చాలావాటితో పెట్టెలోనే వస్తాయి. ఆ తరువాత గ్యాస్ తుపాకీ ఉన్న మిత్రుణ్ణి, ఇనర్షియా తుపాకీ ఉన్న మిత్రుణ్ణి వెంటబెట్టుకుని మైదానానికి వెళ్ళి, గువ్వల తూటాలు పక్కన పెట్టి, రెండింటితోనూ ఒక్కో పెట్టె 3 అంగుళాల ఉక్కు తూటాలు కాల్చండి. మొదటి అయిదు మట్టి పళ్ళేలలో ఎన్ని పగిలాయో చూడకండి, చివరి అయిదింటిలో ఎన్ని పగిలాయో రాసుకోండి.