బాడీ కిట్ మోల్డింగ్: నాలుగు ఎండాకాలాల తర్వాత

మాది కర్నూలు. 2018 మోడల్ స్విఫ్ట్ కారుకి బాడీ కిట్ (అందం కోసం బయట బిగించే అదనపు ముక్కలు) వేయించి నాలుగు ఎండాకాలాలు దాటాయి. ముందు బంపర్ కింది అంచుకు వచ్చే లిప్, పక్కల తలుపుల కింద వచ్చే స్కర్టులు మోల్డింగ్ చేయించాను. వెనక ముక్కను మాత్రం అప్పటికి డబ్బులు చాలక స్క్రూలతో బిగించి వదిలేశాను. ఈరోజుకీ చెక్కుచెదరకుండా ఉన్నది అదొక్కటే.

మోల్డింగ్ అంటే కిట్‌ను బండికి అతికించి, సందును ఫైబర్ మ్యాట్ (గాజు నార గుడ్డ), రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు)తో మూసి, పుట్టీ పెట్టి, ఎమ్రీ పేపర్‌తో రుద్ది, మొత్తం కలిపి పెయింట్ కొట్టడం. కొత్తలో ఆ అందమే వేరు. చేత్తో తడిమినా అతుకు తెలిసేది కాదు. కంపెనీ నుంచే అలా వచ్చిందా అని అడిగేవాళ్లు.

మొదటి మే నెలలోనే లిప్ పైఅంచున వెంట్రుకంత గీత కనిపించింది. తుడిస్తే పోతుందనుకున్నాను. గోరు పెడితే గోరు ఆగింది. వారం తిరిగేలోగా జానెడు పాకింది, అందులో దుమ్ము చేరి తెల్ల బండి మీద ఎర్ర దారంలా తేలింది. టింకరింగ్ మేస్త్రీ బంపర్‌ను బొటనవేలితో నొక్కి చూపించాడు. లోపలికి వంగి మళ్లీ లేచింది. "ఇది ప్లాస్టిక్ కదన్నా, వంగుతాది. ఫైబరూ పుట్టీ వంగవు. అతుకు కాడ పగలక యాడికి పోతాది?" అన్నాడు. పైగా మా ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. ప్లాస్టిక్ సాగినంత ఫైబర్ సాగదు. రాత్రికి మళ్లీ ముడుచుకోవడం. రోజూ ఇదే లాగులాట.

స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు, 163 మిల్లీమీటర్లు. లిప్ పెడితే అదీ తగ్గుతుంది. మా గేటు ముందు నాపరాళ్ల ర్యాంపుకు తగిలి ఓసారి లిప్ మూల విరిగింది. అరచేతంత దెబ్బకి బంపర్ మొత్తం దింపి, గీకి, మళ్లీ పెయింట్ వేయించాల్సి వచ్చింది. చాలా బాధేసింది.

స్కర్టులు ఇనుము మీద అతికినవి కాబట్టి పెద్దగా పగల్లేదు. కానీ అతికించేటప్పుడు కింద నీళ్లు పోయే రంధ్రాలు మూసేశారు. మూడో వానాకాలానికి వెనక చక్రం పక్కన పెయింట్ బుడగలు లేచింది, కింద తుప్పు. మోల్డింగ్ చేయించే ముందు ఆ రంధ్రాల సంగతి తప్పకుండా అడగండి.

షోలకు మాత్రమే తీసే బండైతే మోల్డింగ్ చేయించుకోండి, అంత నున్నటి పని ఇంకోదాంతో రాదు. రోజూ నంద్యాలకో డోన్‌కో తిరిగే బండికి, ముఖ్యంగా ముందు బంపర్‌కి, వద్దే వద్దు.

పోయిన నెల లిప్ తీయించి, వంగే రకం పీయూ (పాలీయురేథేన్ ప్లాస్టిక్) లిప్‌ను విడిగా పెయింట్ చేయించి స్క్రూలతో బిగించాను. సందు కనిపిస్తుంది, నల్ల బీడింగ్ పెట్టించాను. నిన్న అదే ర్యాంపుకు గీసుకుంది. దిగి చూస్తే వంగి మళ్లీ తన చోటికే వచ్చేసింది.