పిట్స్‌బర్గ్ నిటారు వీధుల్లో 30-46 గేరు: కొన్నేళ్లు తొక్కాక

నా సైకిలుకి ముందు చైన్‌రింగుకి, అంటే పెడల్స్ దగ్గరి పళ్ల చక్రానికి, 30 పళ్లు. వెనక క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తిలో, అన్నిటికన్నా పెద్దదానికి 46 పళ్లు. ఈ జోడీతో కొన్నేళ్లుగా అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో తిరుగుతున్నాను. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే దారిలో 15, 20 శాతం అప్‌లు ఉన్నవాళ్లు ఆలోచించకుండా వేయించుకోవచ్చు. ఇది పెట్టించుకుంటే ఊళ్లో అన్నిటికన్నా నిటారు వీధి కాంటన్ అవెన్యూ కూడా ఎక్కేయొచ్చు అనుకునేవాళ్లు మాత్రం కొంచెం ఆగి కింద రాసింది చదవండి. అక్కడ తేల్చేది గేరు కాదు.

ఈ ఊరు తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అలెఘేనీ, మొనంగహీలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట ఉంది పిట్స్‌బర్గ్. నదుల పక్కన చదునైన నేల సన్నగా ఉంటుంది, మిగతా ఊరంతా కొండల మీదే. మనవైపు ఘాట్ రోడ్డు వంకర్లు తిరుగుతూ నిదానంగా పైకి వెళ్తుంది. ఇక్కడ చాలా వీధులు అలాంటి మొహమాటం ఏమీ లేకుండా కొండకి ఎదురుగా తిన్నగా వెళ్లిపోతాయి. మరీ కుదరని చోట మెట్లు కట్టేశారు. అలాంటి మెట్లదారులు ఊళ్లో 700కు పైగా ఉన్నాయి. కొన్నిటికి వీధి పేరూ ఉంటుంది, మ్యాపులో మామూలు వీధిలాగే కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్ చూపించిన దారిలో వెళ్లి, సైకిలు భుజాన వేసుకుని దిగిరావడం ఇక్కడ మామూలే.

శాతం లెక్క సులభం. అడ్డంగా 100 అడుగులు ముందుకు వెళ్లేసరికి ఎన్ని అడుగులు పైకి లేచామో అదే శాతం. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనలు కొండ ప్రాంతాల్లో కూడా తప్పనిసరైన చోట మాత్రమే 7, 8 శాతం దాకా ఒప్పుకుంటాయి. ఇక్కడ ట్రాయ్ హిల్‌కి ఎక్కే రియాల్టో స్ట్రీట్ దాదాపు 24 శాతం. బీచ్‌వ్యూలో ఉన్న కాంటన్ అవెన్యూ అయితే ఒక ముక్కలో 37 శాతం, అంటే సుమారు 20 డిగ్రీలు. డిగ్రీల్లో చెబితే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కింద నిలబడి తలెత్తి చూస్తే అలా అనిపించదు.

నా సైకిలు తిన్నటి హ్యాండిల్ ఉన్న మామూలు హైబ్రిడ్. కొన్నప్పుడు ముందు 50, 34 పళ్ల చైన్‌రింగులు రెండు, వెనక 11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న క్యాసెట్. చదును రోడ్డుకి బాగానే ఉండేది. అప్ రాగానే 34-28 గేరులో లేచి నిలబడి తొక్కాలి, ఇంటికొచ్చాక మోకాళ్లు పట్టుకుని కూర్చోవాలి. దాంతో ముందు ఒకటే చైన్‌రింగు, వెనక 11 చక్రాల 11-46 క్యాసెట్ వేయించాను. క్రాంకు (పెడల్స్ బిగించే చేతులు), డిరైలర్ (చైనుని ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది), షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), చైను అన్నీ మారాయి. హ్యాండిల్ తిన్నగా ఉండబట్టి మౌంటెన్ బైకుల డిరైలర్, షిఫ్టరే సరిపోయాయి. వంకర హ్యాండిల్ ఉన్న రోడ్ బైకు అయితే షిఫ్టర్ కేబుల్‌ని ఎంత లాగుతుందన్నది రోడ్, మౌంటెన్ రకాల్లో వేరుగా ఉంటుంది కాబట్టి పని ఇంత తేలిగ్గా అవదు. ముందే అడిగి తెలుసుకోండి.

మొదట పని అప్పజెప్పిన షాపులో చైను పొట్టిగా కోసి బిగించారు. 46 మీదికి వెయ్యగానే డిరైలర్ ముందుకి సాగిపోయి, తెగుతుందా ఊడుతుందా అన్నట్టు బిగుసుకుంది. ఇంకో షాపులో రెండు లింకులు ఎక్కువ వేయించుకోవాల్సి వచ్చింది. మీరు వేయించుకుంటే షాపు గడప దాటకముందే ఒకసారి పెద్ద చక్రం మీదికి వేసి చూసుకోండి.

ఇప్పుడు అసలు తేడా ఎక్కడుందో చెబుతాను. నేనూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకోండి. 20 శాతం ఎత్తులో వెనక్కి లాగే బలం దాదాపు 154 న్యూటన్లు. పాత 34-28 గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు రెండున్నర మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే దాదాపు 390 వాట్లు పెట్టాలి. అంత నాలాంటి మామూలు మనిషి ఓ నిమిషం పెడతాడేమో. 30-46లో చుట్టుకి 1.37 మీటర్లే కదులుతుంది, అదే 60 చుట్లకి 210 వాట్లు చాలు. వేగం గంటకు 5 కిలోమీటర్లు. పక్కన నడిచే మనిషి మనల్ని దాటి వెళ్లొచ్చు, ఫర్వాలేదు, సీటు మీద కూర్చునే పైకి చేరతాం.

వాడుకలో ఇదే కనిపించింది. రియాల్టో స్ట్రీట్ ఉంది కదా, దాన్ని ఇక్కడివాళ్లు పిగ్ హిల్ అంటారు. ఒకప్పుడు కింద నదిలోని హెర్స్ ఐలండ్ నుంచి పందుల్ని ఆ వీధిలో తోలుకుంటూ కబేళాలకి తీసుకెళ్లేవాళ్లట. వీధి ఇరుకు, వెనక కారు వస్తే పక్కకి జరగడానికి చోటుండదు, ఆ టెన్షన్ వేరు. పాత గేరుతో వెనక కారు శబ్దం వినిపించగానే కంగారుగా గట్టిగా తొక్కి, సగంలోనే ఊపిరి అందక ఆగేవాణ్ని. 30-46 వచ్చాక తొందరపడాలన్నా పడలేను, గేరే ఒప్పుకోదు. ఒకే లయలో తిప్పుకుంటూ పోవడం అలవాటైంది. వెనక కారువాళ్లు ఎదురు చూస్తారు. చాలామంది ఓపిగ్గానే ఉంటారు.

ఇక కాంటన్. వీధి మొత్తం పొడవు 190 మీటర్లే. అందులో 37 శాతం ఉన్నది ఆరేడు మీటర్లు. అందుకే ప్రపంచంలో అన్నిటికన్నా నిటారైన వీధి ఏదన్న వాదనలో గిన్నిస్ పేరు న్యూజీలాండ్‌లోని డునెడిన్ ఊరి బాల్డ్విన్ స్ట్రీట్‌కి ఉంది. దాని లెక్క 34.8 శాతం. 2019లో వేల్స్‌లోని హార్లెక్ ఊరి వీధి ఒకటి ఆ రికార్డు పట్టుకుపోయింది. వీధి మధ్య గీత వెంబడే కొలవాలని డునెడిన్ వాళ్లు పట్టుబట్టి 2020లో వెనక్కి తెచ్చుకున్నారు. ఎవరి గొప్ప వాళ్లది. సైకిలు మీద ఉన్నవాడికి ఆ రెండు శాతాల తేడా కన్నా కింద పరిచింది ఏమిటన్నది ముఖ్యం. బాల్డ్విన్ పై భాగం కాంక్రీటు. కాంటన్‌లో నిటారు ముక్క మీద పరిచినవి రాళ్లు.

37 శాతం దగ్గర వెనక్కి లాగే బలం దాదాపు 270 న్యూటన్లు అవుతుంది. 34-28 గేరుతో ఎక్కాలంటే చుట్టంతా సగటున 66 కిలోల బరువు పెడల్ మీద మోపినట్టు ఉండాలి. అది సగటు మాత్రమే. పెడల్ పైనా కిందా ఉన్నప్పుడు కాలికి పట్టు దొరకదు కాబట్టి మధ్యలో అంతకు చాలా ఎక్కువ నొక్కాలి. నా ఒంటి బరువే ఆ 66 కిలోలంత. హ్యాండిల్ పట్టుకుని పైకి లాగుతూ నొక్కితే తప్ప కదలదు. 30-46లో ఆ సగటు 36 కిలోలకి దిగుతుంది. కాళ్లకి సంబంధించినంతవరకు ఇది సాధ్యమైన పనే. నేను మొదట అక్కడికి వెళ్లింది ఈ లెక్క చూసుకునే.

జరిగింది ఏమిటంటే, కాళ్లు అలిసేలోపే ముందు చక్రం గాల్లోకి లేచింది. అంత ఏటవాలులో ఒంటి బరువు మొత్తం వెనక చక్రం మీదికి జారిపోతుంది. 30-46 లాంటి చిన్న గేరులో పెడల్ కాస్త గట్టిగా నొక్కినా చక్రం దగ్గర పెద్ద తోపుగా మారి హ్యాండిల్‌ని పైకి లేపుతుంది. సరే అని లేచి నిలబడి ముందుకి వాలితే వెనక చక్రం మీద బరువు తగ్గి రాళ్ల మీద గిర్రున జారుతుంది. ఈ రెండింటికీ మధ్య చోటు చాలా తక్కువ. సీటు మొన మీదికి జరిగి, మోచేతులు వంచి, గడ్డం హ్యాండిల్‌కి తగిలేంతగా వంగి, పెడల్ మీద ఎక్కడా కుదుపు రాకుండా గుండ్రంగా తిప్పాలి. పైగా గంటకు 4, 5 కిలోమీటర్ల వేగంలో సైకిలు తిన్నగా నిలబడదు, ఒక్కో రాయి అంచు తగిలినప్పుడల్లా పక్కకి తిరుగుతుంది. ఇవన్నీ చిన్న గేరు తెచ్చిపెట్టే ఇబ్బందులే. పెద్ద గేరులో దమ్ముతో కొట్టేవాళ్లకి వేగం ఉంటుంది కాబట్టి బ్యాలెన్స్ పోదు, వాళ్లకి చాలనిది దమ్మే.

నా విషయంలో ఫలితం మార్చింది టైర్లు. 28 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు తీసేసి 40 మిల్లీమీటర్లవి వేసి, గాలి 40 పీఎస్ఐకి తగ్గించాక రాళ్ల మీద పట్టు దొరికింది. ఆ తరవాతే పొడిగా ఉన్న రోజున కాలు కింద పెట్టకుండా పై చివర హాంప్‌షైర్ అవెన్యూ దాకా వెళ్లగలిగాను. ఇప్పటికీ వెళ్లిన ప్రతిసారీ అవుతుందన్న గ్యారంటీ లేదు. తడి రోజున, ఆకులు రాలి రాళ్లకి అంటుకున్న రోజున ప్రయత్నించడమే దండగ. పాములా అటూ ఇటూ తిప్పుకుంటూ ఎక్కే ఉపాయం వెడల్పు రోడ్డు మీద బాగా పనిచేస్తుంది. ఇక్కడ మలుపు తిప్పే చోట ముందు చక్రం జారుతోంది కాబట్టి మానేశాను.

షూకి బిగుసుకునే పెడల్స్ గురించి చాలామంది అడుగుతారు. మామూలు చదును పెడల్సే వాడండి. నిటారు రాళ్ల వీధిలో ఆగితే కాలు తియ్యడానికి అర సెకను కూడా ఉండదు, బిగుసుకున్న కాలుతో పక్కకి పడితే తుంటి మీదే పడతారు. గట్టి మేకుల్లాంటి పిన్నులున్న చదును పెడల్ తీసుకుంటే పట్టు చాలు. డర్టీ డజన్ అనే కొండలెక్కే పోటీకి వెళ్లేవాళ్లలో బిగించుకుని ఎక్కేవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి వేరు. ఆ పోటీని 1983లో డానీ చ్యూ మొదలుపెట్టాడు, అమెరికా ఒడ్డు నుంచి ఒడ్డుకి సాగే రేస్ అక్రాస్ అమెరికాని 1996లోనూ 1999లోనూ గెలిచినవాడు. పేరుకి డజన్ అయినా ఒక్కరోజులో పదమూడు కొండలు. కాంటన్, రియాల్టో రెండూ అందులో ఉన్నాయి. కాలు కింద పెడితే మళ్లీ కొండ కిందికి దిగి మొదటినుంచి ఎక్కాలి. ఒక్క కాంటన్ చూడటానికి వచ్చే జనం అంతా ఇంతా కాదు. నేను కూడా చూసే జనంలోనే ఉంటాను, పదమూడు ఎక్కే ఉద్దేశం ఇంతవరకు లేదు.

దిగడం గురించి ఒక్క మాట. కాంటన్‌ని సైకిలు మీద దిగకండి. వీధి పక్కన మెట్లున్నాయి, సైకిలు పట్టుకుని దిగండి. మిగతా వీధుల్లో డిస్క్ బ్రేకులు ఉంటే ధైర్యం, అయినా ప్యాడ్లు చదును ఊళ్లో కన్నా చాలా ముందే అరుగుతాయి.

నచ్చనివి కొన్ని. క్యాసెట్‌లో ఆఖరి అడుగు 37 పళ్ల నుంచి ఒక్కసారిగా 46కి. అప్ మధ్యలో మారిస్తే కాళ్ల కింద నేల లేనట్టు ఒక క్షణం ఖాళీగా తిరుగుతుంది, ఆ క్షణంలోనే సైకిలు ఆగిపోతుంది. అందుకే మలుపులోనే, ఎత్తు మొదలవకముందే మార్చేసుకోవాలి. బరువు మీద ఉండగా మారిస్తే చైను కరకరలాడుతుంది, తెగినా తెగుతుంది. ఇంకోటి, చదును మీద వేగం. 30-11లో నిమిషానికి 90 చుట్లు తిప్పినా గంటకు 31 కిలోమీటర్లే. నది పక్కన గ్రేట్ అలెఘేనీ ప్యాసేజ్ దారిలో, అంటే డౌన్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా 240 కిలోమీటర్లు సాగే పాత రైలుకట్ట మీద, రోడ్ బైకుల మీద వెళ్లే స్నేహితుల గుంపుతో సమానంగా వెళ్లలేకపోతున్నాను. వాళ్లు ఆగి ఎదురు చూస్తారు, రియాల్టో దగ్గర నేను వాళ్ల కోసం ఎదురు చూస్తాను.

చైను తొందరగా సాగుతుంది. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు మిగతా పని చేస్తుంది. అరుగుదల చూసే గేజీ ఒకటి కొనుక్కుని 0.5 శాతం దగ్గరే చైను మార్చేస్తున్నాను. ఆలస్యం చేస్తే క్యాసెట్ పళ్లు కూడా పోతాయి, అది చైను కన్నా చాలా ఖరీదు. ఉప్పు రోజుల్లో ఇంటికి రాగానే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరాక నూనె వెయ్యడం ఒక్కటే దారి.

వేయించుకునే ముందు ఇది నిజంగా మీకు అవసరమా అని కూడా చూసుకోండి. మౌంట్ వాషింగ్టన్ మీద ఇల్లున్నవాళ్లు మొనంగహీలా ఇంక్లైన్‌లో సైకిలుతో సహా ఎక్కి పైకి వెళ్లొచ్చు. 1870 నుంచి నడుస్తున్న ఆ తాడు బండి ఏ గేరుకన్నా నయం. ఊళ్లో బస్సులకి ముందు సైకిలు పెట్టుకునే ర్యాక్ ఉంటుంది. పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్లేటప్పుడు నేను చేసేదీ అదే, చాలా దూరం బస్సులో, ఆఖరి కొండ మాత్రం తొక్కుతూ. ప్యాంటు చెమటతో తడవకుండా స్వామి ముందు నిలబడాలంటే 46 పళ్లు వేసుకుని నిదానంగా ఎక్కాలి.

ఇంకా చిన్న గేరు కావాలంటే 12 చక్రాల్లో 10-51 క్యాసెట్ దొరుకుతుంది. నాకు అది వద్దనిపించింది. 60 చుట్లకి గంటకు 4 కిలోమీటర్ల పైచిలుకు వేగమే వస్తుంది, అంత నెమ్మదిలో రాళ్ల మీద నేను నిలబడలేను. ఈ క్యాసెట్ అరిగాక మళ్లీ 11-46 తీసుకుంటాను. మిగిలిన డబ్బులు ఇంకాస్త మెత్తటి రబ్బరున్న వెనక టైరుకి పెడతాను.