ఒంగోలులో సొంతిల్లు కట్టేవాళ్లకు: మా ఎల్‌టీపీ ఆఫీసు సంగతి

కర్నూలు రోడ్డు వైపు ఉన్న ఎల్‌టీపీ, అంటే ఇంటి ప్లాన్లు గీసే లైసెన్స్ ఉన్న ఇంజినీరు గారి ఆఫీసు ఇది. మా ఇంటి ప్లాను వీళ్లదే. పనితనానికి నూటికి తొంభై మార్కులు వేస్తాను.

ముందు నాకూ అందరిలాగే కాంట్రాక్టరు లైసెన్స్ మీదే ధ్యాస. అడిగితే ఒకాయన జీఎస్టీ కాగితం, ఇంకొకాయన ప్రభుత్వ పనులకు తీసుకున్న రిజిస్ట్రేషన్ చూపించారు. ఈ ఆఫీసులో అసలు విషయం విడమరిచి చెప్పారు. మన దగ్గర సొంతిల్లు కట్టే మేస్త్రీకి విడిగా లైసెన్స్ అంటూ లేదు. లైసెన్స్ ఉండాల్సింది ప్లాను గీసి అనుమతి కోసం ఆన్‌లైన్‌లో పెట్టే ఎల్‌టీపీకి, అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్‌కి. అపార్ట్‌మెంట్ కొనేవాళ్ల లెక్క వేరు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా బిల్డర్ రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో రిజిస్టర్ చేయాల్సిందే. అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే ఆయనే ఉచితంగా బాగుచేయాలి. సొంతింటికి ఆ అండ లేదు. అందుకే మేస్త్రీతో అగ్రిమెంటు రాయించారు: స్టీలు, సిమెంటు ఏ బ్రాండు, ఏ దశకు ఎంత డబ్బు, అన్నీ అందులో ఉన్నాయి.

చాలామంది ఎల్‌టీపీలు సంతకంతో సరిపెడతారు. ఈయన సైటుకు వస్తారు. పిల్లర్లకు కట్టిన రింగు ఒకటి విప్పించి చేతిలో పట్టుకుని చూశారు. కొస 90 డిగ్రీలకే వంచి ఉంది. "135 డిగ్రీలు వంగి కొక్కెం లోపలికి పోవాలి మేస్త్రీ" అన్నారు. "ఎప్పట్నుంచో ఇట్టనే కడతన్నాం సార్" అని మేస్త్రీ. "1967లో ఒంగోలులో భూమి కంపించింది. మళ్లీ కంపిస్తే ఈ రింగు విచ్చుకుంటుంది" అని, రింగులన్నీ మార్పించారు. పునాదిలో కడ్డీల కింద కంకర రాళ్లు పెడితే తీయించి, కడ్డీలు నేలకు తగలకుండా ఎడం ఉంచే 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు వేయించాకే కాంక్రీటు పోయనిచ్చారు. ఆ రోజు మేస్త్రీ ముఖం మాడ్చుకున్నాడు గానీ, నాకు మాత్రం టెన్షన్ తీరింది.

లోటు ఏమిటంటే, సాయంత్రాలు ఫోన్ ఎత్తరు. సైటు విజిట్ల ఫీజు కూడా ప్లాను ఫీజులో కలవదు. ఎన్నిసార్లు వస్తారో, ఏ పనికి ముందు వస్తారో మొదటే రాయించుకోండి. పునాది, పిల్లర్లు, శ్లాబు కాంక్రీటు వేసేముందు రావడం తప్పనిసరని రాయించండి.