ఆరేళ్లుగా సూపర్‌కొలైడర్: కోడ్‌లో కిన్నెర, డప్పు

మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పగలంతా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పని. రాత్రి ఇల్లు సద్దుమణిగాక హెడ్‌ఫోన్ పెట్టుకుని సూపర్‌కొలైడర్ తెరుస్తాను. కోడ్ రాసి శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్ ఇది. ఆరేళ్లుగా ఇదే అలవాటు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు, సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. జేమ్స్ మెక్‌కార్ట్నీ 1996లో దీన్ని బయటికి తెచ్చాడు, 2002 నుంచి ఓపెన్ సోర్స్‌గా నడుస్తోంది.

ఇందులో మనం కోడ్ రాసే భాష వేరు, ఆ కోడ్ ప్రకారం శబ్దం పుట్టించే ప్రోగ్రామ్, అంటే సర్వర్, వేరు. ఒక వాద్యం మోగుతూ ఉండగానే దాని కోడ్ మార్చి మళ్లీ వినొచ్చు. చెవికీ చేతికీ మధ్య ఆలస్యం లేకపోవడమే నన్ను ఇన్నేళ్లు దీనికి కట్టేసింది.

పన్నెండు మెట్ల కిన్నెర మా వైపు తీగ వాద్యం. కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్లో ఏ ఫోన్‌లో చూసినా ఆయన పాటే. ఆ మోతను కోడ్‌లో పుట్టించాలని అప్పుడే పట్టు పట్టాను. దారి చూపింది కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు 1983లో ప్రచురించిన పద్ధతి. ఒక చిటికెడు గోలను, అంటే స్వరం లేని బుస్సుమనే శబ్దాన్ని, తీసుకుని చిన్న లూప్‌లో తిప్పుతారు. తిరిగిన ప్రతిసారీ పక్కపక్క శాంపిళ్ల (శబ్దాన్ని అంకెలుగా రాసిన ముక్కల) సగటు తీస్తే గరుకుతనం అరిగిపోతుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు నడుస్తున్నప్పుడు లూప్ పొడవు 200 అయితే, ఆ గోల సెకనుకు దాదాపు 220 సార్లు తిరుగుతుంది. అదే స్వరం. మొదటి రాత్రి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. నేనిచ్చింది బుస్సుమనే గోల, తిరిగొచ్చింది మీటిన తీగ.

అయితే అది కిన్నెర కాదు, మరీ శుభ్రంగా గిటార్‌లా ఉంది. కిన్నెరకు కట్టే ఎండిన సొరకాయ బుర్రల గుల్లతనం అందులో లేదు. బుర్రకొకటి చొప్పున, కొన్ని స్వరాలను పెంచి కొన్నిటిని తగ్గించే ఫిల్టర్లు మూడు పెట్టాను. మెట్లను తేనె మైనంతో అతికిస్తారు కదా, అందుకే మోత తొందరగా తగ్గుతుందేమో అనిపించి, నాలుగు సెకన్ల మోతను ఒకటిన్నరకు కుదించాను. అప్పుడు మా నాన్న పక్క గదిలోంచి "కిన్నెర ఎక్కడిదిరా?" అన్నాడు.

ఇబ్బందులూ చెప్పాలి. ఈ భాషలో లెక్కలు ఎడమ నుంచి కుడికి వరసగా జరుగుతాయి. ఒకటి ప్లస్ రెండు ఇంటూ మూడు అంటే తొమ్మిది వస్తుంది, ఏడు కాదు. ఇది తెలియక స్వరాలు తప్పి రెండు రాత్రులు పోయాయి. ఎర్రర్ మెసేజ్‌లు పేజీల కొద్దీ వస్తాయి, అసలు తప్పు పైనెక్కడో ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం చెవుల సంగతి. ఫీడ్‌బ్యాక్, అంటే లూప్‌లో మళ్లీ లోపలికి పంపే శబ్దం పాలు, ఒకటి దాటితే శబ్దం ఒక్కసారిగా పేలుతుంది. నాకు ఒకసారి అలా జరిగి సాయంత్రమంతా చెవి గింగురుమంది. హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని, వాల్యూమ్ పది శాతంలో పెట్టి మొదలుపెట్టండి. కంట్రోల్, ఫుల్‌స్టాప్ కలిపి నొక్కితే అన్నీ ఆగిపోతాయి. వేళ్లకు ముందు నేర్పాల్సింది అదే. పిల్లలకైతే కోడ్‌తో సంగీతం చేసే సోనిక్ పై అనే సాఫ్ట్‌వేర్ మేలు. దాని లోపల పనిచేసేదీ ఈ సర్వరే.

డప్పు మాత్రం రెండేళ్లు తిప్పలు పెట్టింది. తీగలో పై స్వరాలు అసలు స్వరానికి రెండింతలు, మూడింతలుగా వస్తాయి. బిగించిన గుండ్రటి తోలులో మాత్రం 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేకుండా వస్తాయి. మృదంగానికి పూసే నల్లటి ముద్ద ఈ పొంతనను సరిచేస్తుందని సి.వి.రామన్ చూపించారు. డప్పుకు ఆ పూత లేదు, అందుకే ఆ ధాటి. ఈ అంకెలన్నీ పెట్టి, డప్పు కొట్టే రెండు పుల్లల్లో సిర్ర దెబ్బకూ సిటికెన పుల్ల దెబ్బకూ వేర్వేరు గోల ఇచ్చి, మా ఊళ్లో డప్పు కొట్టే తాతకు ఫోన్‌లో వినిపించాను. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు.

"మంచిగనే ఉంది బిడ్డా, తోలే ఇంకా కాగలే."

ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. మంటకు కాపితే తోలులో తేమ పోయి బిగుస్తుంది, స్వరం పైకి పోతుంది. బిగువు నాలుగింతలైతేనే స్వరం రెండింతలవుతుంది. నేను ఆ లెక్కే వేయలేదు. ఇప్పుడు నా డప్పు ప్రోగ్రామ్‌లో ఒక స్లైడర్ ఉంది. దాని పేరు సెగ.