ఇసుక కుప్పలో రెండు తలల పాము: పట్టినతనికి అయిదుకు నాలుగు

ఉలవపాడులో మా ప్రహరీ పనికి తోలించిన ఇసుక కుప్పలో పోయిన వారం పాము బయటపడింది. పార దించిన కూలీ "రక్తపింజర!" అని కేక పెట్టాడు, మేస్త్రి కర్ర అందుకున్నాడు. అతన్ని ఆపి, పాములు పట్టే అబ్బాయికి ఫోన్ చేశాను. మూడోసారికి గాని ఎత్తలేదు. సింగరాయకొండ నుంచి బండి మీద రావడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ అది పారిపోకుండా ఇసుకలోకే దూరుతుంటే చుట్టూ ఎనిమిదిమందిమి కాపలా.

వచ్చీ రాగానే ఉత్త చేత్తో ఎత్తాడు. ఇటుక రంగు, నున్నని ఒళ్లు, మూడడుగులకు కాస్త తక్కువ.

"రక్తపింజరకు గొలుసులాంటి మచ్చలుంటాయి మాస్టారూ, తల వెడల్పు, మెడ సన్నం. దీనికి మెడే లేదు చూడండి" అన్నాడు. విషం లేదు, ఎలుకలను చుట్టి బిగించి తింటుంది, బెదిరితే తల దాచుకుని మొద్దు తోకను పైకెత్తుతుంది. రాజస్థాన్ ఎడారిలోనూ ఉండే పామేనట, పొడి నేల దొరికితే చాలు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. బడిలో ముప్పయ్యేళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ని, పామును తాకింది మాత్రం ఆ రోజే.

ఇంతలో పక్కింటాయన దగ్గరికి జరిగి "ఇది లక్షలు పలుకుతుందట కదా?" అన్నాడు. అబ్బాయి ముఖం మారింది. అదృష్టం, గుప్తనిధులు అని నమ్మించి అమ్మేవాళ్ల గురించి, తోక మీద వాతలు పెట్టి రెండో తలలా చూపించేవాళ్ల గురించి గట్టిగానే చెప్పాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టి అమ్మడం నేరం. "అటవీశాఖ వాళ్లకు ఫోన్ కలిపిస్తాను, బేరం వాళ్లతోనే ఆడండి" అనేసరికి పక్కింటాయనకు ఇంట్లో పని గుర్తొచ్చింది. ఆ ఒక్క మాటకే ఎంతైనా ఇచ్చేవాణ్ని. అతను పెట్రోలుకు వంద తీసుకున్నాడు, అంతే.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, రబ్బరు చెప్పులతో వచ్చాడు. ఈసారి సాధువైన పాము కాబట్టి సరిపోయింది, నిజంగా రక్తపింజరే అయివుంటే? పైగా సంచి తెచ్చుకోలేదు. దిండు గలీబు అడిగితే మా ఆవిడ తన చేత్తో కుట్టినదే ఇవ్వాల్సి వచ్చింది.

అటవీశాఖ వాళ్లకు చెప్పి, సాయంత్రం సరుగుడు తోటల దగ్గర వదిలి, వీడియో పంపాడు. పాము నెమ్మదిగా ఇసుకలోకి ఇంకిపోయింది. గలీబు ఇంకా తిరిగి రాలేదు. వీడియోలో దాని మీది గులాబీలు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి.