రాత్రికి జొన్న రొట్టెనా, తెల్లన్నమా?

హన్మకొండలో సాయంత్రమైతే చాలు, రోడ్డు పక్కన జొన్న రొట్టెలు చరిచే చప్పుడు. పెనం మీద వేసి తడిగుడ్డ అద్దుతుంటే ఆ వాసనకే ఆకలేస్తుంది. మా ఇంట్లో మాత్రం రాత్రికీ అన్నమే ఉండేది.

అసలు తేడా పీచులో ఉంది. వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు, పాలిష్ బియ్యంలో 3 కూడా ఉండదు. మనకు అరగని ఆ పీచే పెద్దపేగులోని బ్యాక్టీరియాకు తిండి. అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగు గోడ గట్టిగా ఉండటానికి, రోగనిరోధక శక్తి అదుపు తప్పకుండా ఉండటానికి ఇవి సాయపడతాయి.

అన్నం చెడ్డదని కాదు. పప్పు, ఆకుకూర ఎక్కువ కలుపుకుంటే ఫర్వాలేదు. కంచం నిండా పెట్టుకుని పొట్ట పెంచుకోవడమే నా టెన్షన్. పొట్ట కొవ్వు ఒంట్లో లోలోపల వాపును రేపుతుంది, పడుకుంటే ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పెడుతుంది. 2009 స్వైన్ ఫ్లూలో, తర్వాత కొవిడ్‌లో ఊబకాయం ఉన్నవాళ్లకు జబ్బు ముదిరే ముప్పు ఎక్కువగా కనిపించింది.

రొట్టె తింటే వైరస్ రాదని కాదు, టీకా మానొద్దు. కానీ నా ఓటు రొట్టెకే. ఒక్కసారిగా మారిస్తే కడుపు ఉబ్బుతుంది, మా అమ్మకు అదే అయింది. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు, గిర్నీలో పట్టించిన పిండి, పక్కన పుంటికూర పప్పు.