రొయ్యల గుంట కాడ పంపు స్టవ్వు, ఏడేళ్ల తర్వాత

టెంట్లేసుకుని కొండలెక్కేవాళ్ల వీడియోల్లో పొయ్యి మాటొస్తే వాదన చలి దగ్గరికే చేరుతుంది. సిలిండర్లో నింపే గ్యాసుల్లో బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవకుండా మొండికేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది, మంచులో కిరసనాయిలే నమ్మకం అంటారు. నెల్లూరు జిల్లా, మా విడవలూరు వైపు ఆ బాధ లేదు. సంక్రాంతి తెల్లారుజామున కూడా ఏ సిలిండరూ వణకదు. మాకు పగ గాలితో, ఆ తర్వాత ఉప్పుతో.

సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో కౌలు గుంటలు. రాత్రి కాపలాకి ముగ్గురం, ఒక్కోసారి నలుగురం. పాకలో రెండు పొయ్యిలు: నెత్తిన బర్నర్ బిగించే 5 కిలోల సిలిండరు, కిరసనాయిలు పోసి పంపు కొట్టి వెలిగించే, మా అవ్వ కాలం నాటి ఇత్తడి పంపు స్టవ్వు. పెంచలకోన వనభోజనాలకు పోయినా ఈ రెండిట్లో ఒకటి వెంట రావాల్సిందే.

మొదటి రెండేళ్లు పంపు స్టవ్వుని గోనెసంచిలో కట్టి దూలానికి వేలాడదీశాం. గ్యాసు ఉండగా ఆ పంపు కొట్టుడెందుకని. నేనే అన్నాను ఆ మాట.

ఒక నవంబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు. కరెంటు లేదు, జనరేటర్ మీద ఏరియేటర్లు తిరుగుతున్నాయి, అవి ఆగితే ఆక్సిజన్ అందక రొయ్య తేలిపోతుంది కాబట్టి మేం కదలడానికి లేదు. కాలువ పొంగి దారి మునిగింది. రెండో రోజు రాత్రి అన్నం ఇంకా పలుకు మీదుండగా సిలిండరు ఆరిపోయింది. సిలిండరుకు తడిగుడ్డ తుడిచి, ఎంతవరకు తడి ఆలస్యంగా ఆరితే అంతవరకు గ్యాసుందని గుర్తు పడతారు. ఆ వానలో అంతా తడే, ఏం చూస్తాం?

గోనెసంచి దించాం. సీసాలో ముప్పాతిక లీటరు కిరసనాయిలుంది. పోసి పంపు కొడితే చేతికి అడ్డే తగల్లేదు, పిడి ఊరికే లోపలికి పోతోంది, వస్తోంది. నేను దాన్ని మళ్లీ సంచిలో పెట్టబోయాను. కాపలా పెద్దాయన ఆపాడు.

"తోలు ఎండిపోయిందబ్బయ్యా. నూనె తాపిస్తే లేస్తది."

టార్చి నేను పట్టుకున్నాను. ఆయన చేత్తోనే మూత తిప్పి కడ్డీ బయటికి లాగాడు. చివరనున్న తోలు వాషరు ముడుచుకుపోయి ఎండు వక్కలా ఉంది. చిప్పలో శనగనూనె పోసి అరగంట నానబెట్టాడు, గోటితో అంచులు విప్పాడు, గొట్టంలోకి మళ్లీ దూర్చాడు. ఈసారి పంపు కొడితే చేతికి ఎదురు తన్నింది. బర్నర్ కింది గిన్నెలో కాస్త కిరసనాయిలు పోసి అంటించి, బర్నర్ బాగా కాలాక పంపు కొట్టాడు. బుస్సుమని నీలం మంట. అది కూడా గ్యాసు పొయ్యేనని నాకు ఆ రాత్రి తెలిసొచ్చింది. పైకెక్కిన కిరసనాయిలు కాలిన గొట్టంలో ఆవిరై, ఆ ఆవిరి మండుతుంది. బర్నర్ కాలకుండా తొందరపడితే నూనె నూనెగానే చిమ్మి మంట మొహానికి లేస్తుంది.

నాకు దాని మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. పానా లేదు, కొట్టు లేదు, చీకట్లో ఒక ముసలాయన శనగనూనెతో బాగుచేశాడు. అంతకు ముందు ఏడాది సిలిండరు వాల్వులో రబ్బరు రింగు పోయి గ్యాసు కారితే నెల్లూరు తీసుకుపోయి రెండ్రోజులు ఎదురుచూశాం. దాన్ని మనం విప్పకూడదు, అది న్యాయమే. కానీ ఆకలి వేళ న్యాయం ఉడకదు గదా.

అప్పట్నుంచి కనపడినవాళ్లందరికీ పంపు స్టవ్వే కొనమని చెప్పాను. అప్పుడు చెప్పని సంగతులు కొన్నున్నాయి.

ఆ మర్నాడే కిరసనాయిలు అయిపోయింది. జనరేటర్ డీజిలు ఉంది గదా అని పోశాను. బర్నర్ బెజ్జం మూసుకుపోయి ఐదు నిమిషాలకోసారి పిన్ను పొడవాల్సి వచ్చింది, గిన్నె అడుగు తారు పూసినట్టైంది, చేపల పులుసు లారీ వాసన కొట్టింది. పెద్దాయన తిన్నాడు, నేను తినలేకపోయాను. బర్నర్ శుభ్రం చేయడానికి ఒక పూట పట్టింది. పెట్రోలు మాత్రం ఎవరూ పోయొద్దు, ఈ స్టవ్వులో అది బాంబే.

రేషన్లో నీలం కిరసనాయిలు ఆగిపోయాక తెల్లది వెతికి కొనాలి, ధరా ఎక్కువే. నిండు మంట మీద లీటరు మాకు నాలుగు గంటలొస్తుంది. పొగ రాదని చెప్పాను, వెలిగించేటప్పటి రెండు నిమిషాలు లెక్కేయకుండా. రొద ఎంతంటే పక్కన ఫోను మోగినా వినపడదు. బండి మీద తీసుకుపోతే సంచీ, బియ్యం అన్నీ కిరసనాయిలు కంపు. రైల్లో రెండూ నిషేధమే గనుక అక్కడ తేడా లేదు.

గాలి విషయం మాత్రం వెనక్కి తీసుకోను. తూర్పు గాలికి గ్యాసు మంట పక్కకి పడుకుంటుంది, పంపు స్టవ్వుది పొట్టిగా, బిర్రుగా నిలబడుతుంది. సిలిండరు నెత్తిన పులుసు దబర పెడితే ఎత్తు ఎక్కువై ఊగుతుంది కూడా. చుట్టూ రేకు మూసేస్తే సిలిండరే వేడెక్కుతుంది. పంపు స్టవ్వుకీ ట్యాంకు మంట కిందే గనుక మేం గాలొచ్చే వైపు ఒక్కటే అడ్డం పెడతాం. ఉప్పుగాలికి సిలిండరు బర్నర్ రెండుసార్లు తుప్పుపట్టి మార్చాం, ఇత్తడి పచ్చగా చిలుమెక్కింది, అంతే.

మరి ఇప్పుడు రోజూ టీ దేని మీద కాస్తున్నాం అంటే, సిలిండరు మీదే. తెల్లారి నాలుగింటికి మేత వేసే ముందు పంపు కొట్టే ఓపిక నాకు లేదు. మా ఇంటావిడైతే పంపు స్టవ్వుని గడప దాటనివ్వదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పాకలో ఉండాల్సినవాళ్లం, విప్పడం తెలిసిన పెద్దాయన పక్కనున్నవాళ్లం కాబట్టి మాకు రెండూ కావాలి. ఆదివారం పూట మైపాడు ఒడ్డున చేపలు వేయించుకునేవాళ్లకి నేనైతే చిన్న సిలిండరే చాలంటాను, దాన్ని ముందురోజే తూకం వేయించుకుంటే.

స్టోన్‌హౌస్‌పేటలో స్టవ్వులు బాగుచేసే ఆయన ఈమధ్య కొట్టు సగమే తెరుస్తున్నాడు. నాలుగు తోలు వాషర్లు కొని శనగనూనె సీసాలో వేసి పాకలో పెట్టాను.